పైది ఎరుపు

మా కాలేజీ పిల్లలు నన్ను గురించి చెప్పుకునే కథల్లో ఒకటి ఈమధ్య నా చెవిన పడింది. తెలుగు మాస్టారు చౌరస్తాలో నిలబడి ఆకాశంలోకి చూస్తూ వుంటారట. పద్యంలో ఒక పాదం తక్కువై వెతుక్కుంటున్నారని ఒకడన్నాడట. కాదు, ఇంట్లో ఏదో గొడవ అయి వుంటుందని మరొకడు. రెండూ నిజం కావు. నేను చూసేది ఆకాశాన్ని కాదు, దానికి కాస్త కిందగా వెలుగుతూ వుండే మూడు దీపాలను. నిజం చెప్పాలంటే దీపాలను కూడా కాదు. వాటిని దేనికి తగిలించారు, ఎంత ఎత్తున తగిలించారు, నిలువుగానా, అడ్డంగానా అన్నదే నాకు కావలసింది.

కొందరు తపాలా బిళ్ళలు కూడబెడతారు. కొందరు ఏ వూరు వెళ్లివచ్చినా ఆ వూళ్లో కాఫీ ఎలా వుందో చెబుతారు. నేను ఏ వూరు వెళ్లినా ఆ వూరి సిగ్నలు స్తంభం ఎలా నిలబెట్టారో చూసి వస్తాను. "గుడి చూసి రమ్మంటే కంబం చూసొస్తడు మీ అన్న" అని మా శ్రీమతి తన మరిదితో మొరపెట్టుకుంటుంది. ఆ మరిది, అంటే మా తమ్ముడు, నవ్వి వూరుకుంటాడు. ఎందుకంటే ఈ పిచ్చి నాకు అంటించినవాడు వాడే.

మాది ఆర్మూరు. ఆరూ మూరూ కలిస్తే తొమ్మిది. నవనాథ సిద్ధులు తపస్సు చేసిన గుట్ట వుండబట్టి ఆ పేరు వచ్చిందని మా పెద్దలు చెబుతారు. లెక్కల మాస్టార్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మా వూరి వాళ్లకు ఆ కూడిక మీద నమ్మకం ఎక్కువ. కాశ్మీరం నుంచి కన్యాకుమారికి పోయే 44వ నెంబరు జాతీయ రహదారీ (పాతవాళ్ల నోట అది ఇప్పటికీ ఏడో నెంబరే), నిజామాబాదు నుంచి జగిత్యాల వైపు సాగే 63వ నెంబరు రహదారీ మా దగ్గరే ఒకదాన్నొకటి దాటుతాయి. అందుచేత మాకు రెండు విషయాలు పుట్టుకతోనే తెలుసు: ఒకటి పసుపు, రెండు చౌరస్తా. మాఘ ఫాల్గుణాల్లో మా చుట్టుపక్కల పల్లెల్లో ఏ కళ్లంలో చూసినా పసుపు ఉడుకుతూనో ఆరుతూనో వుంటుంది. ఆరిన పసుపును మెరుగు పట్టి, కాడి వేరు, గోళ వేరు చేసి, సంచులకెత్తి, ట్రాక్టరు మీద నిజామాబాదు మార్కెట్టు యార్డుకు తోలుతారు.

2018లో అటువంటి ఒక ఉదయం నేను మా తమ్ముడి ట్రాక్టరు మీద వున్నాను. కాలేజీకి సెలవు. లెక్చరరుకు తగిన ఆసనం కాదు గానీ, మడ్‌గార్డు మీద కూర్చున్నాను. వెనక ట్రాలీలో పసుపు సంచులు. దారిలో ఒక చౌరస్తా. అది ఎక్కడిదో చెప్పను. అక్కడి సిగ్నలు స్తంభాన్ని అంతకు కొద్దిరోజుల ముందు ఏదో లారీ గుద్దిపోయింది. స్తంభం కాస్త వంగింది. దీపాల పెట్టె ఊడి పక్కకు ఒరిగితే ఎవరో పుణ్యాత్ముడు ఇనపతీగతో అడ్డంగా కట్టి వెళ్లాడు. దీపాలు మాత్రం ఆరిపోలేదు. వేళకు వెలుగుతున్నాయి, వేళకు మారుతున్నాయి. అడ్డంగా పడుకుని డ్యూటీ చేస్తున్నాయి.

తెల్లవారుజాము. మా ముందు బండి లేదు, పక్కన బండి లేదు. తమ్ముడు దగ్గరకు వచ్చేసరికి వేగం తగ్గించాడు; తలెత్తి చూశాడు; మళ్లీ చూశాడు; ముందుకు పోనిచ్చాడు. వెలుగుతున్నది ఎర్రదీపం. నేను "అరె!" అనే లోపల ఎడమవైపు నుంచి బస్సు వచ్చింది. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు, వీడూ వేశాడు. ఆ కుదుపుకు ట్రాలీ మీది సంచులు జారి, రెండు నేలమీద పడి పగిలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బస్సు డ్రైవరు మా వంశవృక్షాన్ని గురించి నాలుగు మాటలు చెప్పి వెళ్లాడు. రోడ్డు మాత్రం పెళ్లివారింటి గడపలాగ పసుప్పచ్చగా అయిపోయింది.

ఇద్దరం కూర్చుని కొమ్ములు ఏరుతున్నాం. నాకు కోపం పట్టలేదు. "ఎర్రదీపం కనబడలేదురా? కళ్లు ఎక్కడ పెట్టినవ్?" అన్నాను. వాడు తల ఎత్తకుండా ఏరుతూ ఏరుతూ అన్నాడు:

"అన్నా, నీకొక మాట జెప్త, నవ్వద్దు. నాకు ఎర్రది, ఆకుపచ్చది వేరేవేరే కనబడయి. మీద ఎలిగితే ఆగుడు, కింద ఎలిగితే పోవుడు. గంతే నాకు ఎరుక. గియ్యాల గది అడ్డం పండుకున్నది. మీదేదో కిందేదో ఎట్ల తెలుస్తది?"

అప్పటికి వాడికి ముప్ఫయి యెనిమిదేళ్లు. ముప్ఫయి యెనిమిదేళ్లుగా ఒక్క యింట్లో పుట్టి, ఒక్క చాపమీద పడుకుని పెరిగిన అన్నకు ఈ మాట తెలియదు. నేను నవ్వలేదు. నవ్వే స్థితిలో లేను.

ఆ రోజు మార్కెట్టులో సంచుల మధ్య కూర్చుని చిన్ననాటి సంగతులు ఒక్కొక్కటే తలుచుకున్నాను. మా అమ్మ పెరట్లోకి పంపి పండుమిరపకాయలు తెమ్మనేది. నేను వెళితే పండువే తెచ్చేవాణ్ని. వాడు వెళితే సగం పండువి, సగం పచ్చివి. "పండువి తెమ్మంటే గివ్వేందిరా?" అని అమ్మ వాడి వీపు మీద రెండు తగిలించేది. వాడు ఏడ్చేవాడు కాదు. ఎందుకు కొట్టిందా అని ఆశ్చర్యంగా చూసేవాడు. బళ్లో బొమ్మకు రంగులు వేయమంటే చెట్టు మొదలుకు ఆకుపచ్చా, ఆకులకు గోధుమరంగూ వేసి అక్కడా తిట్లు తిన్నాడు. వాడికి అశ్రద్ధ అని యిల్లంతా తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ఆఖరికి వాడు కూడా నమ్మాడు. అయితే చిత్రం చూడండి: పసుపు రంగులో మాత్రం వాడికి సాటి లేరు. కొమ్మును విరిచి ఒక్కసారి చూసి నాణ్యం చెబుతాడు. పసుపూ నీలమూ వాడికి మనందరికీ లాగే కనబడతాయి. ఎరుపూ ఆకుపచ్చల దగ్గరే చిక్కు.

దీనికి డాక్టర్లు వర్ణాంధత్వం అని పెద్దపేరు పెట్టారు. అంధత్వం అన్నమాట దండగ. చూపుకు లోటేమీ లేదు. ఐరోపా సంతతి మగవాళ్లలో దాదాపు పన్నెండుమందికి ఒకరికి ఇది వుంటుందంటారు. ఆడవాళ్లలో రెండువందల మందికి ఒకరికి. ఆసియాలో ఈ లెక్క కొంత తక్కువ. తక్కువే అనుకున్నా, అరవైమంది మగపిల్లలున్న తరగతి గదిలో ఒకరిద్దరైనా వుండి తీరాలి. నేను ఇరవయ్యేళ్లుగా పాఠం చెబుతున్న తరగతుల్లో అలాంటివాళ్లు ఎందరు కూర్చున్నారో, ఎర్రసిరా దిద్దుబాట్లు ఎందరికి ఆనలేదో!

నేను తెలుగు చదువుకున్నవాణ్ని గనక నా ఆలోచన ముందు మాటల మీదికి పోయింది. వాడిని అనవలసిన పని లేదు. మన భాషకే ఈ రంగుల దగ్గర కొంచెం మసక వుంది. "పచ్చదీపం వెలిగింది" అంటే ఏ దీపం? పచ్చని చేలు అంటాం, అక్కడ పచ్చ అంటే ఆకు రంగు. పచ్చకామెర్లు అంటాం, అక్కడ పచ్చ అంటే పసుపు రంగు. పచ్చని మేనిఛాయ అంటే ఆకురంగు పిల్ల అని ఎవరూ అనుకోరు. ఒక్క మాటకు రెండు రంగులు కనకనే ముందు ఒక ఆకునో పసుపునో తగిలించుకుని ఆకుపచ్చ, పసుపుపచ్చ అని సర్దుకున్నాం. జపానువాళ్ల సంగతీ ఇంతే. వాళ్లు సిగ్నలులోని ఆకుపచ్చ దీపాన్ని పిలిచే మాట "అఓ", అంటే నీలం. రంగు పేరు ఇంత జారుడు సరుకు. దానికంటే చోటు గట్టిది. పైన అన్నది అందరికీ పైనే. కింద అన్నది అందరికీ కిందే. అప్పటినుంచి ఏ సిగ్నలు చూసినా నాకు ఒక్కటే ప్రశ్న: ఇది మా తమ్ముడితో మాట్లాడుతుందా, మాట్లాడదా?

ఈ ప్రశ్న పట్టుకుని పాత సంగతులు వెతికితే, అన్నిటికంటే మొదటి సిగ్నలే వాడికి అనుకూలంగా కనిపించింది. 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర ఒకటి నిలబెట్టారు. జాన్ పీక్ నైట్ అనే రైల్వే ఇంజనీరు ఆలోచన అది. రైలు దారి పక్కన చేతులు ఎత్తే దించే సిగ్నళ్లు మీరు చూసే వుంటారు, అదే పద్ధతి. చేతులు అడ్డంగా చాస్తే ఆగమని, కిందికి వాలిస్తే జాగ్రత్తగా పొమ్మని. పగటిపూట రంగుతో పనే లేదు. రాత్రిళ్లు మాత్రం ఎరుపూ ఆకుపచ్చా గ్యాసుదీపాలు. ఆ గ్యాసే కొంప ముంచింది. నెల తిరక్కముందే, 1869 జనవరిలో, దీపం పేలి దాన్ని తిప్పుతున్న పోలీసుకు గాయాలయ్యాయి. ఆ దెబ్బతో ఆ ముచ్చట చాలా ఏళ్లు మూలపడింది.

తరవాత విద్యుద్దీపాలు వచ్చినవి. 1914 ఆగస్టు 5న అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే వూళ్లో నాలుగు మూలలా నాలుగు స్తంభాలు నిలబెట్టి ఎరుపూ ఆకుపచ్చా దీపాలు పెట్టారు. పోలీసు ఒక చిన్న గదిలో కూర్చుని మీట నొక్కేవాడు. 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు ఆ రెంటికీ నడుమ మూడో రంగు చేర్చాడు. ఆ మూడోది మా సరుకు, పసుపు! ఆర్మూరువాణ్ని, ఆ మాట చెప్పకుండా ఎలా వుండను?

ఇక స్తంభాల వైభవం చూడాలంటే న్యూయార్కు పోవాలి. అక్కడ ఐదో అవెన్యూలో 1922లో నడివీధిన కంచు గోపురాలు కట్టించి వాటి మీద దీపాలు పెట్టారు. గోపురంలో పోలీసు. మన గాలిగోపురాలకు దీటుగా వుండి వుండాలి. తీరా చూస్తే రోడ్డు మీద సగం చోటు వాటికే పోయింది, 1929లో తీసేశారు. బెర్లినులో పాట్స్‌డామర్ ప్లాట్స్ అనే కూడలిలో కూడా 1924లో అయిదు మొగాల గోపురం నిలబెట్టారు. దారి చూపించడానికి పెట్టినది దారికి అడ్డం కాకూడదన్న పాఠం పెద్ద నగరాలు కూడా కొంత డబ్బు ఖర్చు పెట్టుకునే నేర్చుకున్నాయి.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో 1930ల తరవాత కొన్నాళ్లు గడియారం మాదిరి సిగ్నళ్లు వుండేవి. గుండ్రని పలక మీద రంగుల వాటాలు. పెద్ద ముల్లు తిరుగుతూ వుండేది. ముల్లు ఎక్కడుందో చూస్తే ఆగాలో పోవాలో, ఇంకా ఎంతసేపో కూడా తెలిసేది. దీని బొమ్మ మా తమ్ముడికి చూపిస్తే "ఇది మంచిగున్నదే, ఇది నాకు అయితది" అన్నాడు. గడియారం చూడ్డానికి రంగులెందుకు?

వాడు భయపడింది మాత్రం ఒక కొండ పేరు విని. అమెరికాలో సిరక్యూస్ అనే వూళ్లో టిప్పెరరీ హిల్ అని ఐర్లండు నుంచి వెళ్లి స్థిరపడ్డవారి పేట ఒకటి వుంది. 1920ల్లో అక్కడ సిగ్నలు పెడితే, ఎరుపు పైనా ఆకుపచ్చ కిందా వుండటం వాళ్లకు తలకొట్టేసినట్లయింది. ఎరుపు ఇంగ్లండు రంగు, ఆకుపచ్చ ఐర్లండు రంగు. మా నెత్తిన వాళ్లా? అని కుర్రవాళ్లు రాళ్లు రువ్వి దీపాలు పగలగొట్టారు. మళ్లీ పెట్టారు, మళ్లీ పగిలాయి. చివరకు వూరే దిగివచ్చి ఆకుపచ్చను పైకెక్కించింది. ఈనాటికీ అక్కడ ఆకుపచ్చ పైన, ఎరుపు కింద. స్వాభిమానానికి నమస్కారమే గానీ, నాలాంటి అన్నగారికి మాత్రం ఆ కథ నవ్వు తెప్పించదు. "అన్నా, ఆ వూరికి నన్ను తోలకు" అన్నాడు తమ్ముడు.

నిలువుగా కాక అడ్డంగా తగిలించే దేశాలూ వున్నవి. జపానులో చాలాచోట్ల దీపాలు అడ్డంగానే వుంటాయి. వాళ్లూ మనలాగే ఎడమ పక్కన నడిచేవాళ్లు కనుక, రోడ్డు నడుమకు దగ్గరగా వుండేటట్లు ఎరుపును కుడిచివర పెడతారు. చెట్టుకొమ్మలు అడ్డం వస్తే ఎడమ చివరి దీపానికే వస్తాయి గాని ఎరుపుకు రావు. మంచు బాగా కురిసే ఉత్తరప్రాంతాల్లో మాత్రం పెట్టె మీద మంచు పేరుకోకుండా నిలువుగా పెడతారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోనూ అడ్డం దీపాలున్నాయి, గాలి ధాటికి ఓర్చుకుంటాయని. అక్కడ ఎరుపు ఎడమ చివర. రెండు దేశాలు, రెండు పద్ధతులు. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికిరాదు. కెనడాలో క్విబెక్ రాష్ట్రంవాళ్లది పెద్దమనసు: అడ్డంగా పెట్టినా ఎరుపును చదరంగానూ, పసుపును వజ్రాకారంగానూ, ఆకుపచ్చను గుండ్రంగానూ చేశారు, పైగా చాలాచోట్ల రెండు చివరలా రెండు ఎరుపులు పెట్టారు. రంగు తెలియనివాడు ఆకారం చూసుకుంటాడు. అక్షరం రానివాళ్ల కోసం ఎన్నికల్లో గుర్తులు పెట్టిన దేశం మనది. ఈ సంగతి మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

తీగలకు వేళ్లాడదీసే పద్ధతి మరొకటి. అమెరికాలో రోడ్డుకు అడ్డంగా తీగ కట్టి నడిమధ్య దీపాల పెట్టెను వేళ్లాడదీస్తారు. ఖర్చు తక్కువ. పెళ్లిపందిట్లో దీపాల తోరణంలాగ కంటికి ఇంపుగానూ వుంటుంది. గాలివస్తే ఊగుతుంది; తుఫాను వస్తే తెగుతుంది. అందుకే తుఫానుల తాకిడి ఎక్కువ వున్నచోట ఇప్పుడు ఇనపచెయ్యి చాచిన స్తంభాలు నిలబెడుతున్నారు. ఫ్రాన్సులో ఇంకొక చిన్న ఏర్పాటు నాకు నచ్చింది: పై దీపాలు కాక, స్తంభానికి మనిషి కంటి ఎత్తులో బుల్లి దీపాలు మూడు పెడతారు. స్తంభం పక్కనే ఆగినవాడు మెడ విరిచి చూడనక్కరలేదు. మెడనొప్పి తెలిసినవాడు కనిపెట్టి వుంటాడు.

మన దక్షిణదేశానికి సిగ్నళ్లు 1953లో వచ్చాయి. మద్రాసు ఎగ్మూరు కూడలిలో మొదటిది. బెంగుళూరులో కార్పొరేషన్ సర్కిల్ దగ్గర 1963లో. అంతవరకూ నడిరోడ్డు మీద గద్దె, గద్దె మీద గొడుగు, గొడుగు కింద పోలీసు. అరచెయ్యి అడ్డం పెడితే ఆగు, ఊపితే పో. ఆ చేతికి రంగు లేదు. సిగ్నళ్లు ఎలా నిలబెట్టాలో చెబుతూ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌వారు 1985లో ఒక నియమావళి అచ్చువేశారు. నిలువు పెట్టె, పైన ఎరుపు, నడుమ పసుపు, కింద ఆకుపచ్చ. అంత చిన్న వాక్యం మీద మా తమ్ముడి లాంటివాళ్ల ప్రాణాలు ఆధారపడి వున్నాయని అందరికీ తట్టకపోవచ్చు.

ఈమధ్య హైదరాబాదు వెళ్లినప్పుడు కె.బి.ఆర్. పార్కు దగ్గర కొత్తరకం స్తంభం చూశాను. దీపమే కాదు, స్తంభం కూడా నిలువునా అదే రంగులో వెలుగుతుంది. లారీ వెనక ఆగినవాడికి కూడా కనబడుతుంది. రాత్రిపూట చూడముచ్చటగా వుంది. యింటికి వచ్చి వాడికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "కంబం అంత ఎలిగితే మీదేది, కిందేది?" అని అడిగాడు. పైన దీపాల పెట్టె కూడా వుందిలే అన్నాను. "అయితే సరే. పెట్టె ఉండాలె" అన్నాడు. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని తీసెయ్యకుండా పక్కన వుంచితే నష్టం లేదు.

రాత్రి సంగతి మరొకటి వుంది. చీకట్లో పెట్టె కనబడదు. వెలిగే ఒక్క దీపమే కనబడుతుంది. ఒంటరి దీపం పైదో కిందిదో ఎలా తెలియాలి? అందుకే కొన్ని దేశాల్లో దీపాల వెనక వెడల్పాటి నల్లపలక పెట్టి, దాని చుట్టూ వెలుతురుకు మెరిసే అంచు అతికిస్తారు. బండి దీపం పడగానే చట్రం కనబడుతుంది. చట్రంలో ఏ మూల వెలిగిందో తెలుస్తుంది. పగలు ఎండలో కూడా నల్లపలక ముందు దీపం తేటగా కనబడుతుంది. అందులో ఖర్చు ఏమంత? ఒక రేకు, ఒక అంచు.

ఇంతకీ మీకు ఏ రకం ఇష్టం? అని అడుగుతారు. కంటికి ఇష్టమైనది అడిగితే న్యూయార్కు కంచు గోపురమే అంటాను. కానీ ఓటు వెయ్యమంటే వెయ్యవలసినది మా తమ్ముడి కళ్లతో. దీపాలు నిలువుగా వుండాలి. చౌరస్తాకు అవతలి ఒడ్డున వుండాలి. ఆగినవాడి నెత్తిమీద వుంటే ట్రాక్టరు టాపు కింద కూర్చున్నవాడికి కనబడదు. ఒకటి స్తంభానికీ, ఇంకొకటి రోడ్డు మీదికి చాచిన చేతికీ వుంటే లారీ అడ్డం వచ్చినా రెండోది దక్కుతుంది. వెనక నల్లపలక. ముందు వేపకొమ్మ గాని, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీ గాని వుండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, లారీ గుద్దిపోయిన స్తంభాన్ని తీగతో కట్టి మరచిపోకూడదు. దీపం వెలుగుతున్నది కదా అనుకుంటారు. పడుకున్న సిగ్నలు కంటే ఆరిపోయిన సిగ్నలు మేలు. ఆరిపోతే అందరూ జాగ్రత్తపడతారు.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఉదయం తరవాత వాడు ట్రాక్టరు ముట్టలేదు. లైసెన్సు కాగితంలో "ఎరుపూ ఆకుపచ్చా గుర్తుపట్టగలవా?" అన్న ప్రశ్న వుందనీ, ఇరవయ్యేళ్ల వయసులో చదవకుండా అవునని సంతకం చేశాననీ వాడికి అప్పుడు తెలిసింది. అబద్ధం చెప్పానన్న బాధ ఒకటి, డ్రైవరు కూలి మరొకటి. రెండేళ్లు ఆ కూలి ఇచ్చుకున్నాడు. పసుపు ధర మీకు తెలిసిందే. ఆ ధరలో డ్రైవరు కూలి కూడా పోతే రైతుకు సంచులే మిగులుతాయి. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వం మోటారు వాహన నిబంధనలు సవరించి, వర్ణాంధత్వం స్వల్పంగానో మధ్యస్థంగానో వున్నవారికి లైసెన్సు యివ్వవచ్చునన్నది. పత్రికలో చూసి నేనే కత్తిరించి వాడికిచ్చాను. మరుసటి ఏడు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చుక్కల్లో అంకెలు దాగివున్న పుస్తకం ముందు పెట్టారు. ఇషిహారా అనే జపాను డాక్టరు 1917లో చేసినది. నాకు నలభై రెండు కనబడ్డచోట వాడికి ఒక్క రెండే కనబడింది. "మధ్యస్థం" అని రాసి యిచ్చారు. యింటికి వచ్చి ట్రాక్టరు కడిగాడు.

డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఇది తండ్రి నుంచి కొడుక్కు రాదు. తల్లి తన తండ్రి దగ్గర తీసుకుని, తనకు తెలియకుండా మోసుకొచ్చి, ఒక కొడుక్కు యిచ్చి ఒక కొడుక్కు యివ్వకుండా పోతుంది. ఈ మాట అమ్మకు చెప్పాలా వద్దా అని అన్నదమ్ములిద్దరం చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. ఆఖరికి చెప్పాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా నాయన గూడ పండుమిరపకాయలు ఏరకపోతుండె. మా అమ్మ తిడుతుండె" అన్నది. ఇంకొంతసేపటికి తమ్ముడి వీపు మీద చెయ్యివేసి, "కొట్టిన గద బిడ్డా" అన్నది.

మొన్న మిరపకాయల కాలంలో నేను వెళ్లేసరికి అమ్మ పెరటి గట్టు మీద కూర్చుని వుంది. తమ్ముడు మొక్కల మధ్య వున్నాడు. "రంగు సూడకు. చేత వట్టి సూడు. మెత్తగున్నది తెంపు, గట్టిగున్నది ఉంచు" అని ఆమె చెబుతున్నది. వాడు ఒక్కొక్క కాయనూ వేళ్ల మధ్య నొక్కి చూసి తెంపుతున్నాడు. చాట తెచ్చి ముందు పెట్టాడు. అన్నీ పండువే.